పదికి మూడు

"తలుపు తియ్యవే పిడుగూ! టాక్సీ వచ్చేస్తోంది!"

బాత్రూం లోపల కుళాయి చప్పుడు తప్ప ఉలుకూ పలుకూ లేదు.

డ్రిల్లు మాస్టారు మళ్లీ తలుపు బాదాడు. ఇరవై ఆరేళ్లుగా బళ్లో పిల్లల్ని వరసలో నిలబెడుతున్న మనిషాయన. ఇంట్లో కూడా మెడలో విజిలొక్కటే తక్కువ. పందొమ్మిదేళ్లొచ్చినా ఆయన ఒక్క పిలుపుకే వచ్చి నిలబడే పిల్ల, ఇవాళ గడియ పెట్టుకుని కూర్చుంది.

తల్లి నడవలో గోడకానుకుని నిలబడింది. చేతిలో పిడుగు ఎడమకాలి మేజోడు. దాన్నెందుకు పట్టుకుందో ఆవిడకే తెలీదు.

పావుగంట కిందట దుప్పటి మడత పెడదామని లాగింది, అంతే. దుప్పటి కింద రెండు కాళ్లు. ఒకటి తన కూతురిది, రెండోది ఎవరిదో. పిక్క ఉబ్బిపోయి, చర్మం బిగుసుకుని నిగనిగలాడుతోంది. చెయ్యి వేసి చూసింది. హోటల్ లాండ్రీలో పద్దెనిమిదేళ్లుగా ఆవిరి ఇస్త్రీ పట్టిన చెయ్యి, మామూలు వేడికి లొంగదు. అలాంటి చెయ్యి కూడా ఉలిక్కిపడి వెనక్కొచ్చేసింది.

"ఇదేమిటే తల్లీ!" అనేలోపే పిడుగు చటుక్కున లేచి, కుంటుకుంటూ బాత్రూంలో దూరింది.

"కాలు వాచిందండీ," అంది తల్లి.

"లోతు మర్దన చేయించుకున్నాక వాపు రాదూ? మేడంగారు ముందే చెప్పారుగా, రెండ్రోజులు కమిలినట్టు ఉంటుందని."

"కమలడం కాదిది. వేడిగా ఉంది. రెండు కాళ్లూ ఒక్కలా లేవు."

"నాల్రోజులకి ఒక్కలా అవుతాయిలే."

"ఇవాళ్టికి మానేద్దామండీ. మొన్నటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం."

మాస్టారు తలుపు మీంచి చెయ్యి తీసి ఆవిడ వైపు తిరిగాడు.

"ఆ డాక్టరేమన్నాడు? ఆర్నెల్లు గెంతొద్దన్నాడు. ఎనిమిది రోజుల్లో లాంగ్‌జంప్ సెలక్షన్లు పెట్టుకుని ఆర్నెల్లేమిటి? అయినా ఆ మేడం దగ్గరికి వెళ్దామని నా చెవిలో జోరీగలా పోరిందెవరు? నేనా, నువ్వా?"

తల్లి చేతిలో మేజోడు మడిచింది. నిజమే మరి. లాండ్రీలో తన పక్కన పనిచేసే ఆవిడకి ఏడాదిగా లేవని భుజం, నాలుగు సార్లు పిసికించుకుంటే లేచింది. ఆ సంగతి ఇంటికి మోసుకొచ్చింది తనే. ముందు మాస్టారు ఎగతాళి చేశాడు. "పిసుకుడు మేడమా? దేశంలో ఇంకెవరూ దొరకలేదా?" అన్నాడు. మొదటిసారి వెళ్లొచ్చిన మర్నాడు పిడుగు కుంటకుండా నాలుగడుగులు వేసేసరికి ఆ మేడంని నెత్తిన పెట్టుకున్నాడు. ఇప్పుడు దింపమంటే దింపుతాడా!

గడియ తీసిన చప్పుడైంది. పిడుగు బయటికొచ్చింది. వదులు ప్యాంటు వేసుకుంది, మొహం కడుక్కుంది, పైగా నవ్వొకటి తగిలించుకుంది.

"ఏంటి, ఇద్దరూ బాత్రూం ముందు క్యూ కట్టారు? వెళ్లండి, ఖాళీయే."

"ఎలా ఉంది కాలు?" అన్నాడు తండ్రి.

"మూడు."

"అదీ!" అన్నాడాయన భార్యకేసి చూస్తూ. "విన్నావుగా?"

వినకేం. ఈ ఇంట్లో ఆ అంకె వినబడని వారం లేదు.

శిక్షణ శిబిరాల్లో అడుగుతారు, నొప్పి పదికి ఎంత అని. ఒకటంటే దాస్తున్నారని అనుమానిస్తారు. అయిదంటే పేరు పక్కన గీత పెడతారు. మూడంటే సరేనని తర్వాతి మనిషి దగ్గరికి పోతారు. అందుకని పిడుగు తొమ్మిదో ఏట మొదటిసారి ఇసుక గుంటలోకి దూకిన రోజే తండ్రి పాఠం చెప్పాడు. "ఎవరడిగినా, ఎప్పుడడిగినా, మూడే చెప్పు."

పిల్ల పాఠాన్ని అక్షరాలా పట్టేసుకుంది. పన్ను పీకించుకుని దవడ పట్టుకుని కూర్చుంటే మూడు. తలుపు సందులో వేలు పడి గోరు ఊడొస్తే మూడు. రెండు నెలల కిందట పరుగెత్తుకొచ్చి ఎడమకాలి మీద లేవబోతుంటే పిక్కలో ఏదో ఫట్టుమంది. ఆ చప్పుడు గట్టు మీద కూర్చున్న తల్లికి కూడా వినిపించింది. ఇసుకలో బోర్లా పడి, మొహం పాలిపోయి, పళ్ల బిగువున ఆ పిల్ల అన్నదేమిటి? "మూడు నాన్నా, మూడే."

ఆ రోజు నుంచీ ఆ అంకె వినబడితే తల్లి పిల్ల మొహం చూస్తుంది.

బయట టాక్సీ హారన్ మోగింది.

"ఇవాళ నేను కూడా లోపలికొస్తాను," అంది తల్లి చెప్పులేసుకుంటూ.

"బయట బెంచీ మీద కూర్చోవచ్చుగా ఎప్పట్లాగా?"

"లోపలికే వస్తాను."

మాస్టారు ఆవిడ మొహం చూసి తాళం చెవి తీసుకున్నాడు.

*

మేడం గది అద్దాలు కోసే షాపు పైన మొదటి అంతస్తులో ఉంది. కింద అద్దం గీసినప్పుడల్లా కీచుమనే చప్పుడు పైకి పాకుతుంది. గదిలో ఎత్తుగా ఒక మంచం, మంచం తలవైపు మొహం పెట్టుకోడానికి గుండ్రటి కంత. గోడ మీద చర్మం లేని మనిషి బొమ్మ, ఒంటినిండా ఎర్రటి కండరాలు.

మేడం భారీ మనిషి. ఏళ్ల తరబడి నొక్కీ నొక్కీ ఆవిడ బొటనవేళ్లు వెనక్కి వంగిపోయాయి. పని మొదలెడితే కళ్లు మూసుకుంటుంది. మోచెయ్యి ఆనించి అలాగే ఉంటుంది, తొయ్యదు. "కండరం దానంతటది దారివ్వాలి. మనం తోసుకుని పోకూడదు," అంటుంది. బయట బెంచీ మీంచి అది చూసి, ఆ మాట విని మొదటి రోజే తల్లికి ఆవిడ మీద నమ్మకం కుదిరింది. ఇప్పుడా నమ్మకమే భయం పుట్టిస్తోంది.

"ఇవాళ ఇద్దరూ లోపలికొచ్చారే! నేనేమైనా పిల్లని ఎత్తుకుపోతానా?" అని నవ్వింది మేడం. "ఊఁ, ప్యాంటు పైకి మడిచి పడుకో తల్లీ."

"ఇవాళ ప్యాంటు మీంచే చెయ్యండి మేడం. చలిగా ఉంది."

"నూనె గుడ్డకి రాయనా?"

"ప్లీజ్ మేడం."

మేడం ఒక్క క్షణం చూసింది. "సరే, పైనుంచి వద్దాం. పిక్క దగ్గరికొచ్చాక మాత్రం ఒప్పుకోను," అంది.

పిడుగు బోర్లా పడుకుని మొహం కంతలో పెట్టుకుంది. మేడం కళ్లు మూసుకుని తొడ వెనకాల మోచెయ్యి ఆనించింది.

"ఎంత?"

"మూడు."

ఇంకాస్త కిందికి.

"ఎంత?"

"మూడు."

మాస్టారు చేతులు కట్టుకుని తృప్తిగా తల ఊపుతున్నాడు. తల్లి మంచం తలవైపు గోడ దగ్గర నిలబడింది. అక్కణ్ణుంచి పిల్ల మొహం కనబడదు, కంత కింద నేల కనబడుతుంది.

మేడం మోచెయ్యి మోకాలి వెనకాలకొచ్చింది. నొక్కలేదు, ఊరికే ఆనించింది.

"ఇక్కడ?"

"మూడు." గొంతులో వణుకు లేదు. తడబాటు లేదు. బళ్లో హాజరు పలికినట్టు పలికింది.

కంత కింద తెల్లటి నేల పలక మీద టప్పున చుక్క పడింది.

తల్లి చూసింది. ఇంకో చుక్క పడింది. ముక్కు కొస నుంచి కారుతున్నాయో, గడ్డం మీంచో! ఏడుస్తోంది పిల్ల. చప్పుడు లేకుండా, ఒళ్లు కదలకుండా, అంకె తప్పకుండా ఏడుస్తోంది. మేడం కళ్లు మూసుకునే ఉంది, ఆవిడకి తెలీదు.

మాస్టారు కూడా చూశాడు.

చూసి, ఆయన చేసిన పని ఇదీ. మెల్లిగా ఒక అడుగు ముందుకేసి, తన పాదం జరిపి ఆ తడి మీద పెట్టాడు.

తల్లి ఆ పాదం వైపే చూస్తోంది. పాతికేళ్లు కాపురం చేసిన మనిషి. కోపిష్టి, మొండి, అన్నీ తెలుసు. ఇది మాత్రం తెలీదు. ఆయన తల పైకెత్తి భార్య కళ్లలోకి చూశాడు. వద్దు, అంటున్నాయి ఆ కళ్లు. ఎనిమిది రోజులే, అంటున్నాయి.

"కొంచెం లోపలికి వెళ్తున్నా తల్లీ, ఊపిరి వదులు," అంది మేడం.

"ఆపండి!"

మేడం కళ్లు తెరిచింది.

"ఆపండి మేడం. చెయ్యి తీసేయండి. దాని మూడు మూడు కాదు."

"మరెంత?"

"ఏమోనమ్మా! మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క అంకే."

"ఏం వాగుతున్నావు నువ్వు?" మాస్టారు గయ్యిమన్నాడు. "బుర్రుందా? పరాయివాళ్ల ముందు..."

"ఉంది కాబట్టే వాగుతున్నాను. మీరు కాలు తియ్యండి. మేడంని చూడనివ్వండి, కింద ఏముందో."

ఆయన కాలు తియ్యలేదు. మేడం ఆయన పాదాన్ని చూసింది, కంత కింద వేలాడుతున్న ఇంకో చుక్కని చూసింది. రెండు చేతులూ పిల్ల ఒంటి మీంచి తీసేసింది. కింద షాపులో ఎవరో అద్దం గీస్తున్నారు.

"ప్యాంటు పైకి మడువు," అంది. ఇంతకు ముందున్న నవ్వు ఆ గొంతులో లేదు.

పిడుగు కదల్లేదు. తల్లే వచ్చి మడిచింది.

మేడం టేపు తెచ్చి రెండు పిక్కల చుట్టూ కొలిచింది. కుడిది ముప్పై నాలుగు, ఎడమది ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. ఎడమ కాలిమీద వేలు ఆనించి తీసింది. వేలి గుంట అలాగే ఉండిపోయింది. మేడం మొహంలో రంగు దిగిపోవడం తల్లి కళ్లారా చూసింది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"మీరు రెండోసారి చేసినప్పట్నుంచి," అంది పిడుగు కంతలోంచి. "అంతకు ముందు కొంచెమే."

"అంతకు ముందు కూడా ఉందా? నేనడిగితే బిగుతుగా ఉందన్నావు!"

"బిగుతుగానే ఉంది మేడం."

"దెబ్బ తగిలాక కట్టేమైనా కట్టారా? పిండికట్టు గానీ?"

మేడం మాస్టారి వైపు తిరిగింది.

"కట్టారు," అంది తల్లి. "నాలుగు వారాలు ఉంది."

"నాలుగు వారాలా! మాస్టారూ, మొదటి రోజు నేనిచ్చిన కాయితంలో బెణుకు అని రాశారు మీరు. ఉత్త బెణుకు. పిండికట్టు వేశారా అన్న చోట లేదు అని మీ చేత్తోనే రాశారు."

తల్లి మొగుడి వైపు చూసింది. ఆ కాయితం సంగతి ఆవిడకి ఇప్పుడే తెలుస్తోంది.

"ఉందంటే మీరు చెయ్యననేవారు," అన్నాడాయన.

"అనేదాన్నే! అందుకే అడిగేది!" మేడం గొంతు చీరుకుపోయింది. తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంది. "కాలు అన్నాళ్లు కదలకుండా ఉంటే లోపల రక్తం గడ్డ కట్టొచ్చు. అలాంటి కాలిని పిసక్కూడదు. గడ్డ విరిగి పైకెళ్తే ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది. నేను డాక్టర్ని కాను, అదే అయ్యుంటుందని అనను. కాదనే ధైర్యం మాత్రం నాకు లేదు. అయ్యో, రెండుసార్లు నొక్కాను ఇక్కడే. అరగంటేసి నొక్కాను."

తల్లి మంచం అంచు పట్టుకుంది. మోసుకొచ్చింది తనే. ఈ మంచం మీద తెచ్చి పడుకోబెట్టింది తనే. భుజం నొప్పి తగ్గిన ఆవిడ కబురు పట్టుకొచ్చి ఇంట్లో పెట్టింది తనే. ఇప్పుడు ఎవర్ని తిట్టాలి?

"అంబులెన్స్ పిలుస్తున్నాను. ఎవరూ ఆ కాలు ముట్టుకోకండి. తల్లీ, మెల్లిగా వెల్లకిలా తిరుగు, లేవకు," అని మేడం ఫోను అందుకుంది.

"ఆగండి మేడంగారూ." మాస్టారు అడ్డం వచ్చాడు. "ఆస్పత్రిలో చేర్చుకున్నారంటే ఎనిమిది రోజుల్లో వదుల్తారా? పోటీ కానివ్వండి. ఆ మర్నాడే నేను చేతుల మీద ఎత్తుకెళ్తాను. ఎనిమిది రోజులేగా!"

"అడ్డం లేవండి."

"మీ తప్పు కప్పుకోడానికి పిల్లని బెదరగొడుతున్నారు!"

"నా తప్పు నేను ఒప్పుకుంటాను, ఎక్కడ చెప్పమన్నా చెప్తాను. ముందు అడ్డం లేవండి!"

ఆయన లేవలేదు. తల్లి వచ్చి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. గట్టిగా ఏం లాగలేదు.

"నీకు తెలీదే," అన్నాడాయన. గొంతు ఒక్కసారిగా పడిపోయింది. "నాకప్పుడు దీని వయసే, శిబిరంలో ఉన్నాను. మోకాలు ఎలా ఉందని అడిగారు. నిజం చెప్పాను. ఏడు అన్నాను. అంతే, సంచీ చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. మళ్లీ పిలవలేదు. ఒక్క అంకెకి నా బతుకు విజిలూదుకోడం అయిపోయింది."

"ఇంటికే కదండీ పంపారు?" అంది తల్లి.

మాస్టారు ఆవిడ వైపు చూశాడు. అడ్డం తొలిగాడు. తొలిగి ఎటు వెళ్లాలో తెలీక మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు.

మేడం ఫోనులో చెప్తోంది. "అద్దాలు కోసే షాపు పైన. ఆఁ, మొదటి అంతస్తే. పందొమ్మిదేళ్లు. ఆడపిల్ల. కాదండీ, నడవలేదు, నడిపించను. ఎంతసేపు? అంతసేపా!"

పిడుగు వెల్లకిలా తిరిగింది. కంత అంచు అచ్చు మొహం చుట్టూ పడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తల్లి చెంగుతో మొహం తుడిచింది. నుదురు చెమటతో తడిసి చల్లగా తగిలింది.

"ఊపిరి ఎలా ఉంది తల్లీ?" అంది మేడం ఫోను చెవికి ఆనించుకునే. "వాళ్లు అడుగుతున్నారు. ఆయాసంగా ఉందా? ఛాతీలో ఏమైనా?"

పిడుగు మేడం వైపు చూడలేదు. తల్లి వైపూ చూడలేదు. తండ్రి వైపు చూసింది. ఏం చెప్పమంటావు అన్నట్టు చూసింది.

"నిజం చెప్పమ్మా," అన్నాడు మాస్టారు. "ఎంతుందో అంత చెప్పు. నేనేమీ అనను."

"నాకు తెలీదు నాన్నా."

"తెలీకపోవడమేమిటే?"

"ఎంతుందో ఎప్పుడూ చూసుకోలేదు. మూడు అనేసి ఊరుకోవడమే." మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. "ఇప్పుడు నిజంగా ఎంతో, ఎలా చూసుకోవాలో తెలీట్లేదు."

మాస్టారు మంచం కోడు పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. కూతురి చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. "పిడుగూ, నా తల్లీ," అన్నాడు.

"పెదాలు చూడండమ్మా," అంది మేడం చిన్నగా, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని. "మీకేమైనా రంగు మారినట్టు అనిపిస్తోందా? నా భయమా?"

తల్లి వంగి చూసింది. ఏమో! గదిలో వెలుతురు తక్కువ. కాదు, వెలుతురు బాగానే ఉంది. తనకి చూడ్డానికి భయంగా ఉంది. పుట్టిన గంటకి ఇదే మొహాన్ని ఒళ్లో పెట్టుకుని, ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా లేదా అని పది సార్లు చూసుకున్న మనిషి తను. ఇప్పుడు వేలు పెట్టడానికి చెయ్యి రావట్లేదు.

"అమ్మా," అంది పిడుగు.

"ఇక్కడే ఉన్నానే."

"కిటికీ తియ్యమ్మా. గాలాడట్లేదు."

తల్లి కిటికీ వైపు తిరిగింది. రెండు రెక్కలూ బార్లా తెరిచే ఉన్నాయి. గాలికి గోడ మీది బొమ్మ అంచు లేచి లేచి కొట్టుకుంటోంది.

మాస్టారు కూడా తల తిప్పి చూశాడు.

తల్లి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. పిల్లకి వినబడేలా గడియ ఒకసారి పైకీ కిందికీ లాగింది.

"తీశానమ్మా," అంది.

"ఇంకా తియ్యి," అంది పిడుగు.